స్వాతి పక్కన చుక్క

మెదక్‌లో వినాయకచవితి వచ్చిందంటే తొమ్మిది రోజుల పాటు ఆకాశం అనేది ఒకటుందని ఎవరికీ గుర్తుండదు. గల్లీకో మండపం, మండపానికి అరడజను ఫోకస్ లైట్లు, పక్కన మనిషెత్తు డీజే డబ్బాలు. అలాంటి రోజుల్లో, ఆరోనాటి సాయంత్రం, రత్నాకర్ సార్ తమ గల్లీ మండపం దగ్గరికి వెళ్లి ఒక గంట లైట్లు ఆర్పమని అడిగాడంటే ఎంత తెగించి అడిగాడో మీరే ఊహించుకోండి. జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్లుగా ఫిజిక్స్ చెబుతున్న మనిషి ఆయన. బస్సులో తాను రుమాలు వేసిన సీట్లో ఎవరైనా కూర్చుంటే తూప్రాన్ దాకా నిలబడి వెళ్లే రకం.

మండపం పెద్ద మదన్ మోహన్. మాజీ కౌన్సిలర్, ఫంక్షన్ హాల్ యజమాని, చిన్నప్పుడు రత్నాకర్‌తో ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు. ఆయన చేతిలో పులిహోర ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"లైట్లు బంద్ చెయ్యాల్నా? దేవుని కాడ?"

"ఒక్క గంటరా. చుక్క చూడాలె."

"చుక్కలు యాడికి పోతయిరా? నిమజ్జనం అయినంక తీరిగ్గ చూస్కో."

"ఇది పోతది," అన్నాడు రత్నాకర్. "పోతే మల్ల రాదు."

మదన్ మోహన్ స్నేహితుడి ముఖంలోకి చూశాడు. ఏమనుకున్నాడో ఏమో, మైకు అందుకున్నాడు. "భక్తులకు మనవి. మన రత్నాకర్ సార్ ఆకాశంల కొత్త చుక్క కనిపెట్టిండు. ఏడు నుంచి ఎనిమిది దాంక లైట్లు బంద్ ఉంటయి. పిల్లల్ని జర పట్టుకోండ్రి!" అని గల్లీ గల్లీకీ వినపడేలా చాటేశాడు. రత్నాకర్ చెవులు సిగ్గుతో కాలిపోయాయి. కనిపెట్టింది తాను కాదు. ఆ ముక్క చెబుదామని నోరు తెరిచేలోపు డీజేవాడు పాట పెట్టేశాడు.

కనిపెట్టింది యాదలక్ష్మి. రామాయంపేట పోస్టాఫీసులో పనిచేస్తుంది. ముప్పై నాలుగేళ్లు, ఇద్దరు పిల్లలు. ఇంటర్‌లో రత్నాకర్ దగ్గర చదివింది. ఎమ్మెస్సీ చేయాలని గట్టిగా ఉండేది గాని, పోస్టాఫీసు ఉద్యోగం ముందొచ్చింది, చేరిపోయింది. నాలుగేళ్ల క్రితం ఏదో సర్టిఫికెట్ కోసం కాలేజీకి వచ్చినప్పుడు రత్నాకర్ మాటల్లో మాటగా ఒక సంగతి చెప్పాడు. పెద్ద పెద్ద టెలిస్కోపులు ఆకాశాన్ని ఫొటోలు తీసి అందరూ చూసేలా నెట్‌లో పెడతాయని, పాత ఫొటోలో లేని చుక్క కొత్త ఫొటోలో కనిపిస్తే ఎవరైనా సరే నమోదు చేయవచ్చని. ఆయన చెప్పి మరిచిపోయాడు, ఆమె పట్టుకుంది. పిల్లలు హోంవర్కు చేసుకుంటుంటే పక్కన పాత లాప్‌టాప్ ముందేసుకుని పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెట్టుకుని చూసేది.

నాలుగేళ్లలో ఆరుసార్లు "దొరికింది సార్!" అని ఫోన్ చేసింది. ఒకటి గ్రహశకలం. రెండు తమంతట తాము వెలిగి తగ్గే పాత నక్షత్రాలు. మిగిలిన మూడూ కెమెరా మీది మచ్చలు. ఆరుసార్లూ రత్నాకరే ఆమెను కూర్చోబెట్టి, నేను పొరబడ్డాను, నా నమోదు వాపసు తీసుకుంటున్నాను అని ఆమె చేతనే రాయించి పంపించాడు. "చూసింది రాయాలె బిడ్డా. అనుకున్నది రాయొద్దు," అని ప్రతిసారీ అనేవాడు. ఇంట్లోవాళ్లకు ఇదంతా వేళాకోళం. చుట్టాలెవరైనా వస్తే చాలు, "మా వదినె చుక్కలు లెక్కబెడుతది" అని ఆడపడుచు మొదలుపెట్టేది, అందరూ నవ్వేవాళ్లు, యాదలక్ష్మి కూడా వాళ్లతో కలిసి నవ్వేసేది.

ఇది ఏడోది. స్వాతి నక్షత్రం పక్కన ఎక్కడో దూరాన మసక గెలాక్సీ ఒకటి, దాని అంచున కొత్తగా ఒక చుక్క. మూడు రోజులు వరుసగా ఉంది. మూడో రోజుకు ఇంకా వెలుగు పెరిగింది. రత్నాకర్ తన టెలిస్కోపుతో చూసి సరేనన్నాక ఆమె నమోదు చేసింది. ఏటీ అన్న రెండక్షరాలతో అంతర్జాతీయ పట్టికకెక్కింది.

ఆ రెండక్షరాల కథ తెలియకపోతే ఈ కథే తెలియదు. కొత్తగా కనిపించిన ఏ చుక్కకైనా పేరు ముందు ఏటీ అనే తగిలిస్తారు. ఏదో కనిపించింది, ఏమిటో తెలియదు, అంతే దాని అర్థం. దాని వెలుగును రంగుల పట్టీగా పరిచి, అందులో ఏ మూలకం ఆనవాలు ఉందో చూపించి, ఇది ఫలానా రకం నక్షత్రం పేలుడు అని ఎవరో ఒకరు రుజువు చెయ్యాలి. హైడ్రోజన్ ఆనవాలు ఉంటే బాగా పెద్ద నక్షత్రం కుప్పకూలి పేలిందన్నమాట. అది లేకుండా సిలికాన్ ఉంటే వేరే రకం. రుజువు పడ్డాకే ఏటీ కొట్టేసి ఎస్ఎన్ అని రాస్తారు, సూపర్‌నోవా అని. పట్టికలో రోజూ పదుల కొద్దీ చుక్కలు వచ్చి చేరుతుంటే పెద్ద టెలిస్కోపులకు అన్నిటినీ చూసే తీరిక ఎక్కడిది? చాలా చుక్కలు ఏటీలుగా పుట్టి ఏటీలుగానే ఆరిపోతాయి. పైగా ఈ గెలాక్సీ పడమటికి దిగుతోంది, రోజుకు నాలుగు నిమిషాల చొప్పున ముందుగా అస్తమిస్తోంది. నెల తిరిగేసరికి సందెవెలుగులో కలిసిపోతుంది.

యాదలక్ష్మి ఫోన్‌లో ఒక్కటే అడిగింది. "దీన్నన్న సూపర్‌నోవా అనిపిస్తరా సార్?"

"అనిపిస్త బిడ్డా," అన్నాడు రత్నాకర్. అనేసి, ఫోన్ పెట్టేశాక భయపడ్డాడు.

ఆయన మేడ మీద ఒక రేకుల గది ఉంది. చక్రాల మీద పైకప్పు పక్కకు జరుగుతుంది. లోపల పదకొండు అంగుళాల టెలిస్కోపు, దాని వెనక వెలుగును రంగులుగా పరిచే పెట్టె. పెట్టె ఆయన సొంతంగా చేసుకున్నది. వెలుగు దూరే సన్నటి చీలిక రెండు షేవింగ్ బ్లేళ్ల మధ్య సందు. ఏ రంగు ఎక్కడ పడిందో కొలవాలంటే ముందే తెలిసిన వెలుగు ఒకటి కావాలి, అందుకని పెట్టెలో ఒక ట్యూబ్‌లైట్ స్టార్టర్ అమర్చుకున్నాడు. స్టార్టర్‌లో నియాన్ వాయువు ఉంటుంది. నియాన్ వెలుగులో ఎర్రగీతలు ఎక్కడెక్కడ పడాలో పుస్తకాల్లో ఉంది. ముందు స్టార్టర్ వెలిగించి ఆ గీతలు తీసుకోవాలి, దాన్ని ఆర్పెయ్యాలి, అప్పుడు చుక్క వెలుగు తీసుకోవాలి. పని ఇంతే.

టెలిస్కోపు, కెమెరా, లాప్‌టాప్ ఇన్వర్టర్ మీద నడుస్తాయి. స్టార్టర్ ఒక్కటే ఇంటి కరెంటు మీద. దానికి గోడకు ఒక చిన్న స్విచ్‌బోర్డు. ఆ బోర్డు బిగించిన నాడు వైరు పైనుంచి కాక కిందినుంచి వచ్చింది. మళ్లీ గోడ తొలవడం ఎందుకులే అని రత్నాకర్ బోర్డునే తలకిందులుగా బిగించేశాడు. ఊళ్లో ఏ ఇంట్లోనైనా స్విచ్ కిందికి నొక్కితే వెలుగుతుంది, పైకి నొక్కితే ఆరుతుంది. ఇక్కడ అది ఉల్టా. తన గది, తన బోర్డు, తన వేలికి అలవాటైపోయింది. ఇంకొకరికి చెప్పాలని ఆయనకు ఏనాడూ తోచలేదు.

ఏడింటికి గల్లీ చీకటైంది. మబ్బులు దూరంగా ఉత్తరాన ఉన్నాయి, పడమటి దిక్కు మాత్రం కడిగినట్టుంది. రత్నాకర్ స్టార్టర్ గీతలు తీసుకుని ఆర్పాడు. చుక్కను చీలిక మీదికి తెచ్చేసరికి చొక్కా తడిసిపోయింది. చుక్క మరీ మసక కాబట్టి బ్లేళ్ల సందు కాస్త వెడల్పు చేశాడు. అలా చేస్తే వెలుగు ఎక్కువ వస్తుంది గాని గీతలు అలుక్కుపోతాయి. పదిహేను నిమిషాలకొక ఫొటో, మొత్తం మూడు ఫొటోలని లెక్క వేసుకున్నాడు.

రెండో ఫొటో సగంలో ఉండగా గాలి లేచింది, కరెంటు పోయింది. పాట నడుమ మైకు చచ్చింది, పిల్లలు హోరుమని అరిచారు. ఇన్వర్టర్ కీచుమంటూ అందుకుంది. రత్నాకర్ లాప్‌టాప్ కేసే చూస్తున్నాడు, ఆయనకు ఇంకేదీ పట్టలేదు.

ఆ సమయంలో ఏం జరిగిందో ఆయనకు తెలిసింది నాలుగు రోజుల తర్వాత. మిమ్మల్ని అంతదాకా ఆడించడం నాకిష్టం లేదు, ఇప్పుడే చెప్పేస్తాను. కరెంటు పోతే మన ఇళ్లలో మొదటి పని కొవ్వొత్తి వెతకడం కాదు, స్విచ్‌లు ఆర్పడం. వచ్చేటప్పుడు వోల్టేజీ ఎంత విరుచుకుపడుతుందో ఎవడికి తెలుసు! రత్నాకర్ భార్య వజ్రమ్మకు అలా ఇదివరకు ఒక టీవీ, ఒక మిక్సీ కాలిపోయాయి. ఆమె కింద టీవీ, ఫ్రిజ్, మోటారు వరసగా ఆర్పింది. పైన ఆయన మిషన్ సంగతేమిటని గుర్తొచ్చి మెట్లెక్కింది. పైన టార్చి వేస్తే ఆయన గయ్యిమంటాడు. అందుకని చీకట్లో గోడ తడుముకుంటూ బోర్డు పట్టుకుని, దానికున్న ఒక్క స్విచ్‌నూ పైకి నొక్కింది. ఆయన ధ్యాస చెదరగొట్టడం ఎందుకని మాటైనా మాట్లాడకుండా దిగిపోయింది.

మూడో ఫొటో మొదలైన కాసేపటికి కరెంటు వచ్చింది. మూసి ఉన్న పెట్టె లోపల స్టార్టర్ చడీచప్పుడు లేకుండా వెలిగింది.

ఎనిమిదింటికి గల్లీలో లైట్లు భగ్గుమన్నాయి. రత్నాకర్ మూడు ఫొటోలూ కలిపి పట్టీ గీయమని కంప్యూటర్‌కు చెప్పాడు. గీత ఎడమ నుంచి పాక్కుంటూ వచ్చింది, అంతా గజిబిజి. ఎరుపు దగ్గరికి వచ్చేసరికి గుట్టలా పైకి లేచింది. హైడ్రోజన్ ఎక్కడ ఉండాలో దాదాపు అక్కడే. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. మూడో ఫొటో తక్కిన రెండింటికన్నా కాస్త వెలుగుగా ఉన్న సంగతి గమనించకపోలేదు. పొగమంచు తేలిపోయి ఉంటుందిలే అనుకున్నాడు. ఆ నిమిషంలో ఆయనకు కావలసింది ఆ గుట్ట, అది కంటి ముందే ఉంది.

"యాదలక్ష్మీ, హైడ్రోజన్! హైడ్రోజన్ ఉన్నది బిడ్డా!" అని ఫోన్‌లో అరిచాడు. అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

ఆ రాత్రే పట్టీ పంపించాడు, మర్నాడు మధ్యాహ్నానికి పట్టికలో ఏటీ పోయి ఎస్ఎన్ వచ్చింది. రకం నిర్ధారించినవారు రత్నాకర్, మెదక్. కనుగొన్నవారు యాదలక్ష్మి, రామాయంపేట. యాదలక్ష్మి ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి ఇంటి గ్రూపులో పెట్టింది. ఆడపడుచు చప్పట్ల బొమ్మలు ఆరు పెట్టిందట. రత్నాకర్‌కు ఫోన్ చేసి మరీ చెప్పింది, ఆరు అని.

ఇక మదన్ మోహన్‌ను పట్టేవాళ్లు లేరు. "మేం లైట్లు బంద్ చేస్తేనే కదా దొరికింది!" అని గల్లీ మొత్తం ఆ చుక్కను తమ ఖాతాలో వేసుకుంది. నిమజ్జనం అయిన మర్నాడే చౌరస్తాలో ఫ్లెక్సీ లేచింది. ఒక మూల యాదలక్ష్మి పాస్‌పోర్టు ఫొటో, ఒక మూల రత్నాకర్, నడుమ వాళ్లిద్దరినీ కలిపినంత పెద్దగా మదన్ మోహన్, వెనక నెట్‌లోంచి తీసుకున్న ఏదో నిప్పుల బంతి. ఆదివారం ఫంక్షన్ హాల్‌లో సన్మానం. శాలువాలు, మెమెంటోలు, భోజనాలు.

వానలు పట్టుకున్నాయి. బంగాళాఖాతంలో ఒక అల్పపీడనం తీరం దాటిందో లేదో వెనకాలే ఇంకొకటి. రత్నాకర్ చుక్కను ఫొటో తీసిన మర్నాడే టెలిస్కోపు మీద టార్పాలిన్ కప్పి, ఇన్వర్టర్ ఆర్పి దిగిపోయాడు. నాలుగో నాటి సాయంత్రం, రేకుల సందులోంచి నీళ్లేమైనా కారుతున్నాయేమోనని పైకెళ్లాడు. టార్చి వెయ్యకుండా టార్పాలిన్ ఎత్తాడు. పెట్టె మూత అంచున, వెంట్రుకంత సందులో, ఎర్రటి గీత.

ఆయనకు ముందు అర్థం కాలేదు. మూత తీశాడు. స్టార్టర్ వెలుగుతోంది. నాలుగు రోజులుగా ఎవరి జోలికీ పోకుండా ఎర్రగా వెలుగుతూనే ఉంది.

ఆ తడి నేల మీదే కూర్చుండిపోయాడు. తర్వాత లాప్‌టాప్ తెచ్చుకుని, కలిపిన పట్టీని కాదు, మూడు ఫొటోల్నీ విడివిడిగా తెరిచాడు. మొదటిదాంట్లో గుట్ట లేదు. రెండోదాంట్లో లేదు. రెండూ ఏమీ తేలనంత మసక. మూడోదాంట్లో ఉంది. నియాన్ ఎర్రగీతలు వెడల్పాటి సందులో ఒకదానిలోకి ఒకటి అలుక్కుపోయి, హైడ్రోజన్ పక్కనే గుట్టగా పేరుకున్నాయి. కోట్ల ఏళ్లు నడిచొచ్చిన వెలుగు అని తాను గల్లీ అంతా చెప్పుకున్నది ఆ ట్యూబ్‌లైట్ స్టార్టర్‌ది.

కిందికి దిగాడు. వజ్రమ్మ గోరుచిక్కుళ్లు తుంచుతోంది.

"పైన స్విచ్ ఎవరు ముట్టిండ్రు?"

"నేనే. కరెంట్ పోయిన నాడు బంద్ చేసొచ్చిన. ఏం, మిషన్ కాలిందా?"

"కాలలే."

"మంచిగైంది మరి," అని ఆమె మళ్లీ చిక్కుళ్లలో పడింది.

అరవాలనిపించింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఎన్నడూ లేనంత కోపం వచ్చింది, నోటిదాకా వచ్చింది. ఏమని అరుస్తాడు? ఆమె చేసింది రోజూ చేసేదే, ఆయన మిషన్ కాలిపోకూడదనే చేసింది. బోర్డు తలకిందులుగా బిగించింది ఎవరు? ఆయన అక్కడే కుర్చీలో కూలబడి మెల్లగా జరిగింది చెప్పాడు. వజ్రమ్మ చేతులు ఆగిపోయాయి.

"అయితే నేనే చెడగొట్టిన్నా?"

"నువ్వు కాదు. బోర్డు ఉల్టా బిగించింది నేను."

"ఆ పిల్ల మస్తు సంబురపడ్డది కద," అంది వజ్రమ్మ. గిన్నె పక్కకు నెట్టేసి తన రెండు చేతులకేసి చూసుకుంది.

రత్నాకర్ ఆ రాత్రే నాలుగు పెద్ద టెలిస్కోపుల వాళ్లకు రాశాడు, దయచేసి ఈ చుక్కను ఒక్కసారి చూడండి, నా పట్టీ మీద నాకే అనుమానంగా ఉంది అని. ఇద్దరు పలకలేదు. ఒకరు, దీని రకం ఎప్పుడో తేలిపోయింది కదా, మా వరసలో తేలనివే మూడు వందలున్నాయి అని మర్యాదగా రాశారు. ఇంకొకరు మా దగ్గరా మబ్బే అన్నారు. రెండు రోజులు కిటికీ దగ్గర నిలబడి వాన చూడటం తప్ప ఆయన చేయగలిగింది ఏమీ లేకపోయింది. ఒక్క సాయంత్రం, ఒక్క గంట తెరిపి ఇస్తే చాలు, తిట్టుకుంటూనో మొక్కుకుంటూనో మళ్లీ తీసేవాడు. వాన ఆయన మాట వినలేదు.

సిగ్గు విడిచి చెప్పాలంటే, ఊరుకుందామని కూడా అనిపించింది. అది హైడ్రోజన్ రకమే అయి ఉండొచ్చు కదా! అలాంటి పేలుళ్లేమీ అరుదు కాదు. తాను రాసింది పొరపాటున నిజమే అయితే ఎవరికి నష్టం? మెదక్‌లో మేడ మీద స్టార్టర్ వెలిగిందా ఆరిందా అని చూడటానికి ఎవరొస్తారు? ఈ ప్రశ్నలు వేసుకుంటూ శుక్రవారం నాడు రామాయంపేట బస్సెక్కాడు.

పోస్టాఫీసులో భోజనాల వేళ. యాదలక్ష్మి ఆయన్ను చూసి నవ్వుముఖంతో లేచొచ్చింది. "ఇంత వానల ఎందుకొచ్చిండ్రు సార్? ఆదివారం నేనే వస్తుంటి గద. మా ఆయన కూడ వస్తడట. మా ఆడిబిడ్డ కొత్త చీర తెచ్చింది నాకు." అప్పుడు ఆయన ముఖం చూసింది. "ఏమైంది సార్?"

వరండాలో పోస్టు డబ్బా పక్కన నిలబడి ఆయన చెప్పాడు. స్విచ్, స్టార్టర్, మూడు ఫొటోలు. చూరునీళ్లు ధారగా పడుతున్నాయి.

"అంటే అది సూపర్‌నోవా కాదా సార్?"

"కావచ్చు. అయ్యే ఉంటది. నా దగ్గర రుజువు లేదు."

"నా పేరు తీసేస్తరా?"

"నువ్వు చూసింది నిజమే, నీ పేరు ఎవరు తియ్యరు. ఎస్ఎన్ తీసేస్తరు. మల్ల ఏటీ అయితది."

ఆమె పైటకొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది. "మీరు రాయకుంటే?"

"ఎవ్వరికి తెల్వదు," అన్నాడు రత్నాకర్. తాను ఇంత దూరం వచ్చింది ఈ మాట ఆమె నోట వినడానికేనని ఆయనకు అప్పుడు తెలిసింది. ఊరుకోండ్రి సార్ అని ఆమె ఒక్కసారి అంటే చాలు, ఊరుకునేవాడు. సిగ్గుతో తల వంచుకున్నాడు గాని, అంటుందేమోనని ఆశగా ఎదురుచూశాడు.

యాదలక్ష్మి కళ్లు తుడుచుకుంది. "ఆరుసార్లు నాతోటి రాపిచ్చిండ్రు కద సార్," అంది. అందులో నిష్ఠూరం ఏమీ లేదు, ఉన్న సంగతి చెప్పినట్టే చెప్పింది. "మచ్చలని తెలిసినంక ఒక్క దినం కూడ ఆగనియ్యలే మీరు. నేను ఏడ్సుకుంటనే రాసిన."

ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు. వాపసు ఉత్తరం రెండు రోజుల కిందటే రాసి పెట్టుకున్నాడు, పంపించడానికే చెయ్యి రాలేదు. ఇప్పుడూ రావడం లేదు. తెలియకుండానే ఫోన్ ఆమె వైపు చాచాడు.

"నాకియ్యకుండ్రి సార్," అంది యాదలక్ష్మి. "ఏడోది మీరే ఒత్తుండ్రి."

ఒత్తాడు. ఆమె తల ఊపి, "నాకు టైమైంది సార్," అని లోపలికి వెళ్లి కౌంటర్‌లో కూర్చుంది. అప్పటికే అద్దం ముందు నలుగురు నిలబడి ఉన్నారు. మొదటాయన దగ్గర కవరు తీసుకుని తూకం వెయ్యబోయింది, కవరు జారి కింద పడింది. రత్నాకర్ బస్సు వచ్చేదాకా రోడ్డు మీద తడుస్తూ నిలబడ్డాడు.

సాయంత్రం మదన్ మోహన్ ఇంటికే వచ్చాడు. జరిగిందంతా విని కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"అంటే అది పేలలేదారా?"

"పేలే ఉంటది."

"మరి పేలలేదని ఎందుకు రాసినవ్?"

"పేలలేదని రాయలే. నాకు తెల్వదని రాసిన."

"తెల్వదన్నోనికి శాలువా ఎట్ల కప్పాల్రా నేను? ఊరందరికి చెప్తిని. నువ్వు మస్తు పరేషాన్ చేసినవ్ బై!" అని తల పట్టుకున్నాడు. వెళ్లేటప్పుడు చెప్పుల దగ్గర ఆగి, "ఇంకోసారి కావాల్నంటే చెప్పు, లైట్లు ఆపిస్త," అన్నాడు. ఆ ఒక్క మాటకు రత్నాకర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ మండపమే లేదు, ఆపాల్సిన లైట్లూ లేవు. ఉన్నదల్లా మబ్బు.

సన్మానం వాయిదా పడింది అన్నారు. ఫ్లెక్సీ దింపే ఓపిక ఎవరికీ లేక చౌరస్తాలో అలాగే తడిసింది. పట్టికలో పేరు మళ్లీ ఏటీ అయింది. యాదలక్ష్మి ఇంటి గ్రూపులో ఎవరూ ఏమీ అనలేదట. ఆడపడుచు కొత్త చీర మాత్రం వెనక్కి అడగలేదని, అదే ఎక్కువ బాధగా ఉందని ఆమె ఒకసారి ఫోన్‌లో చెప్పి పెట్టేసింది.

వానలు మూడు వారాలు కొట్టాయి. దసరాకు ఇంకో వారం ఉందనగా ఒక సాయంత్రం ఆకాశం తెరిపి ఇచ్చింది. యాదలక్ష్మి ఆఫీసు నుంచి అటే బస్సెక్కి వచ్చింది. రత్నాకర్ రమ్మనలేదు, ఆమె చెప్పలేదు. గేటు తీసుకుని వచ్చి నిలబడితే వజ్రమ్మ ఇంత చాయ్ పోసి ఇచ్చింది.

పైకప్పు జరిపారు. స్వాతి అప్పటికే బాగా కిందికి దిగింది, గెలాక్సీ దాని పక్కన మసక ఎరుపులో ఉందో లేదో అన్నట్టుంది. రత్నాకర్ స్టార్టర్ వెలిగించి గీతలు తీసుకున్నాడు, ఆర్పాడు. మూత ఎత్తి, కన్ను ఆనించి, ఆరిందని చూశాడు. మళ్లీ ఎత్తి మళ్లీ చూశాడు. చుక్క ఉండాల్సిన చోటికి టెలిస్కోపు తిప్పి కెమెరా తెరిచాడు. పదిహేను నిమిషాలు ఎవరూ కదల్లేదు. గెలాక్సీ అలా చూస్తుండగానే రైస్‌మిల్లు గొట్టం వెనక్కి వెళ్లిపోయింది.

తెర మీద పట్టీ వచ్చింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే మసక.

"ఏమన్న ఉన్నదా సార్?" అంది యాదలక్ష్మి.

"సందెవెలుగు ఉన్నది," అన్నాడు రత్నాకర్. "అంతే బిడ్డా."

ఆమె తెరమీదికి వంగి, తానే ఇంకోసారి ఆ మసకలో ఎరుపు దగ్గర వేలితో వెతికింది. వచ్చే ఏడు గెలాక్సీ మళ్లీ పైకొస్తుంది. అప్పటికి చుక్క ఉండదు. అదేమిటో ఇక ఎవరూ, ఎన్నటికీ, ఎంత పెద్ద టెలిస్కోపుతోనూ చెప్పలేరు. అది ఆమెకూ తెలుసు. అయినా వెతికింది.

కరెంటు పోయింది.

ఇన్వర్టర్ కీచుమంది. గల్లీలో ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. రత్నాకర్ తల తిప్పేసరికి పైమెట్టు మీద వజ్రమ్మ నిలబడి ఉంది.

"నేనేం ముట్టలే," అంది చీకట్లోంచి. ఆమెను ఎవరూ అడగలేదు. "కింద గూడ ఏం ముట్టలే. టీవీ, ఫ్రిజ్, అన్ని అట్లనే ఉన్నయి."

"ముట్టు వజ్రా," అన్నాడు రత్నాకర్. "పో, అన్ని బంద్ చెయ్. ఇగ ఈడ చెడిపోయేది ఏం లేదు."

వజ్రమ్మ చేతులు కొంగులో చుట్టుకుని అక్కడే నిలబడింది. యాదలక్ష్మి తెర మీంచి వేలు తీయలేదు. కాసేపటికి కరెంటు ఒక్క దెబ్బన వచ్చింది, కింద ఇంట్లో ఏదో టప్పుమని పేలింది. ముగ్గురూ విన్నారు, ఎవరూ దిగి వెళ్లలేదు.